ఒక గడి పైకి

జనవరి 20, శనివారం

మాక్ టెస్టులో డెబ్భై నాలుగుంపావు. నూట ఇరవైలో డెబ్భై తొమ్మిది ఒప్పు, పంతొమ్మిది తప్పు, ఇరవై రెండు ఖాళీ. నాలుగు తప్పులకి ఒక ఒప్పు కోసేస్తారు కాబట్టి ఈ పావులూ అరలూ. ఫార్మసీ సీటుకి తొంభై ఐదు దాటాలి. యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో రెండో రోజు పేపర్లంటే నాకు భయం లేదు, నన్ను ముంచేది మొదటి రోజు ఈ నూట ఇరవై ప్రశ్నలే. పరీక్ష జూన్ ఎనిమిదిన, ఇంకా నాలుగున్నర నెలలున్నాయి.

ఆ పంతొమ్మిదినీ కూర్చుని చూశాను. అన్నీ అజాగ్రత్తే. కీ చూడగానే అర్థమైపోయాయి. తెలిసినవాటిని తప్పులని ఎలా లెక్కపెడతారు? వాటిని కలుపుకుంటే తొంభై ఎనిమిది. అంటే నా అసలు స్కోరు అది. నాన్న అడిగితే అదే చెప్పాను. ఇందులో అబద్ధమేమీ లేదు.

చెప్పడానికి కొట్టుకి వెళ్ళినప్పుడు నాన్న పెనంలో శనగలు తిప్పుతూ ఎవరో ఆవిడకి నా కథ చెబుతున్నాడు. "మా అమ్మాయికి సీటు పోయినేడే రావాల్సిందమ్మా. లెక్కల్లో తొమ్మిదో ప్రశ్న వదిలేసి, దాని గడిలో పదోది దిద్దేసింది పాపం. అక్కణ్ణించి చివరిదాకా అన్నీ ఒక గడి పైకి. ఒక్క గడి. ఏడాది పోయింది." ఆవిడ నా బుగ్గ నిమిరి అయ్యో అంది. నేను తల దించుకున్నాను.

జనవరి 22, సోమవారం

నెబాహత్ మేడమ్ ఇవాళ నా తప్పుల పుస్తకం లాక్కున్నారు. లెక్కలు ఆవిడే చెబుతారు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బడిలో చేసి, రిటైరై మా కోచింగ్ సెంటర్‌కి వచ్చారు. తప్పయిన ప్రశ్నని కత్తిరించి అతికించి, పక్కన కారణం రాయాలని ఆవిడ రూలు.

"అజాగ్రత్త, అజాగ్రత్త, అజాగ్రత్త. ఇంత అజాగ్రత్త మనిషివి మందుల షాపులో కూర్చుంటావా? జనాన్ని చంపుతావే" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"ఈ మాట నా గదిలో ఇవాళ్టినుంచి లేదు. తెలియలేదు, ప్రశ్న సరిగ్గా చదవలేదు, టైమ్ చాలలేదు. మూడిట్లో ఏదో ఒకటి రాయి. కీ చూశాక అర్థమైందంటే తెలిసినట్టు కాదు. కీ చూస్తే మా పిల్లికీ అర్థమవుతుంది."

పరీక్ష ఎంతసేపు రాస్తే దాన్ని తిరగేసుకోవడానికి అంతసేపు కూర్చోవాలట. వారం పోయాక ఆ తప్పుల్నే కీ లేకుండా మళ్ళీ చెయ్యాలట. ఒప్పు వచ్చినవి కూడా చూడాలట, గుడ్డిగా పెడితే తగిలినవి ఏవో తేలాలట. ఆవిడకి ఇంట్లో పనేమీ ఉన్నట్టు లేదు.

జనవరి 29

ఆ పంతొమ్మిదీ కీ లేకుండా చేశాను. ఏడు వచ్చాయి. ఇవాళ పొద్దుటినుంచి తలనొప్పిగా ఉంది.

ఫిబ్రవరి 3, శనివారం

డెబ్భై ఆరున్నర.

నాన్న రేకుల పనిచేసే ముహిత్తిన్ దగ్గర నాకోసం ఒక రాగి పట్టీ చేయించాడు. వేలంత వెడల్పు, మధ్యలో సన్నటి గాడి. ఓఎమ్మార్ షీటు మీద పెడితే ఒక్క వరుసే కనిపిస్తుంది, దాని పైదీ కిందిదీ మూసుకుపోతాయి. అంచులు కోసుకోకుండా తనే కూర్చుని ఆకురాయితో నున్నగా రుద్దాడట. రాత్రి అన్నాల దగ్గర అమ్మకి పట్టుకుని చూపించాడు. "ఇక ఎలా జరుగుతుందో చూస్తాను" అన్నాడు.

"అసలు పరీక్షలో ఇలాంటివి లోపలికి రానివ్వరు నాన్నా."

"అప్పటికి చేతికి అలవాటైపోతుంది తల్లీ. ఇవాళ వాడావా?"

వాడానన్నాను. వాడాను కూడా. అందరూ పేజీకి ఒకసారి దిద్దుతుంటే నేను ఒక్కో ప్రశ్నకీ పట్టీ జరిపి, నంబరు చూసి, మళ్ళీ చూసి దిద్దాను. వాడకపోతే వాడలేదేమని అడుగుతాడు.

ఫిబ్రవరి 19, సోమవారం

శనివారం టెస్టులో మేడమ్ మా అందరి చేతా ప్రతి పేజీ అడుగున గడియారం చూసి టైమ్ రాయించారు. ఇవాళ నాది ముందేసుకుని కూర్చోబెట్టారు. స్కోరు డెబ్భై ఆరు, దాని జోలికి వెళ్ళలేదు.

"లెక్కల్లో చివరి పదకొండూ ఖాళీ. పోయినసారీ అంతే, అంతకు ముందూ అంతే. వీటిలో ఆరు నాముందు ఇప్పుడు చేసి చూపించావు. మరి ఆ నిమిషాలు ఎక్కడికి పోతున్నాయి?"

తెలియదన్నాను. ఆవిడ వేళ్ళమీద లెక్క వేశారు. ప్రశ్న చెయ్యడం ఇంత, పేజీ తిప్పడం ఇంత, దిద్దడం. దిద్దడం దగ్గర ఆగారు. "పదిహేను నిమిషాలు దిద్దుతున్నావు. ఏం దిద్దుతున్నావు, బొమ్మలా?"

పోయినేడు గడి జరిగిందని చెప్పాను. ఆవిడ ముఖం మెత్తబడింది. ఎక్కణ్ణించి జరిగిందని అడిగారు.

"పద్నాలుగో ప్రశ్ననుంచి."

"పోనీ, మంచిదే. ఆ షీటు బొమ్మ ఫలితాలప్పుడు నెట్‌లో పదిరోజులు పెడతారుగా, దింపుకునే ఉంటావు. పట్టుకురా. జరిగినవన్నీ సరిచేసి దిద్దుదాం. నువ్వు రాసినవాటిలో అసలు పరీక్ష ఒక్కటే, అంతకన్నా మంచి మాక్ టెస్టు ఎక్కడ దొరుకుతుంది?"

దింపుకోలేదని చెప్పాను.

ఫిబ్రవరి 20

తొమ్మిది. నాన్నకి చెప్పింది తొమ్మిది. మేడమ్‌కి పద్నాలుగు అని ఎందుకన్నానో తెలియదు. కంగారులో ఎవరైనా అలాగే అంటారు. తొమ్మిదే.

మార్చి 2, శనివారం

మేడమ్ మా కొట్టుకి లెబ్లెబి, అదే వేయించిన శనగలు, కొనడానికి వెళ్ళారు. ఊళ్ళో ఇన్ని కొట్లుంటే ఆవిడకి మాదే దొరికింది. నాన్న మామూలుగా కథ మొదలుపెట్టాడు, ఆవిడ షీటు సంగతి చెప్పారు. ఇక చూడు.

ఇంటికొస్తూనే చెప్పులైనా విడవకుండా అడిగాడు. "ఆ కాగితం ఉంటే నీకు నిజంగా ఎంత వచ్చేదో తెలిసిపోతుందటగా. నాకు చెప్పలేదేం?"

"ఇప్పుడు తెలిసి ఏం చేస్తాం నాన్నా."

"ఏం చేస్తామంటే? నేను చూసుకుంటాను. మీ బాబాయి ముఖాన కొడతాను. ఆడపిల్లకి రెండోసారి ఎందుకన్నాడు వాడు, గుర్తుందా?"

గుర్తుంది. జూలైలో ఫలితాలొచ్చిన రోజు నాన్న కూడా ఇదివరకే అనుకున్న మాట మీదే ఉన్నాడు. ఒకే ఒక్కసారి, రాకపోతే కొట్లో తూకం దగ్గర నిలబడాలి. అప్పుడు నేను గడి జరిగిందన్నాను. నాన్న గోడకి ఆనుకుని కూర్చుని, "అయితే అది నీ తప్పు కాదు, ఇంకో ఏడాది చదువు" అన్నాడు. ఆ ఏడాదే ఇది.

మార్చి 5

ఫోన్లో ఆ బొమ్మ లేదు. ఎప్పుడో తీసేశాను.

మార్చి 6

తీసేయలేదు.

మార్చి 16, శనివారం

డెబ్భై మూడు. రంజాన్ మొదలైంది, ఉపవాసంతో రాశాను. ఉపవాసం వల్లే అని రాయబోయి ఆగాను. నా పక్కన కూర్చునేవాళ్ళంతా ఉపవాసంతోనే రాశారు, వాళ్ళకి పెరిగాయి.

మేడమ్ ఇవాళ నన్ను తిట్టను కూడా లేదు. "ఎనభైకి కూడా రాకుండా ఏప్రిల్ వస్తే ఫార్మసీ మాట మర్చిపో" అని మాత్రం అన్నారు. తిట్టినా బాగుండేది.

మార్చి 17, ఆదివారం

తలుపు గడియ పెట్టుకుని పోయినేటి షీటు తెరిచాను. ఎనిమిది నెలలు దాని పేరు కూడా తలుచుకోలేదు. అది నిజం కాదు. దింపుకున్న రోజున చూశాను. ఒక్కసారి చూసి మూసేశాను.

లెక్కల్లో నలభైకి పదమూడు ఒప్పు, ఇరవై ఒకటి తప్పు, ఆరు ఖాళీ.

తొమ్మిదినుంచి అన్నిటినీ ఒక గడి కిందికి దింపి కీతో సరిపోల్చాను. నిజంగా జరిగి ఉంటే ఒప్పులు పెరగాలి. ఐదుకి పడిపోయాయి. పద్నాలుగునుంచి జరిపాను. ఏడు. పైకి జరిపాను. నాలుగు. రెండు గడులు జరిపాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు, ఒంటిగంటనుంచి మూడున్నరదాకా ఆ గడుల్ని అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాను. నాకు అంత నమ్మకం ఉన్నట్టుంది. ఎక్కడో ఒకచోట జరిగే ఉంటుందని, ఇంకొంచెం వెతికితే దొరుకుతుందని. దొరకలేదు. ఎక్కడ పెట్టాల్సినవి అక్కడే పెట్టాను. అవి తప్పు, అంతే.

నాకు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి సరిగ్గా రాస్తాను. నాకు ఆ ప్రశ్నలు రాలేదు.

మిగిలిన సాయంత్రం దాన్ని మేడమ్ చెప్పినట్టే దిద్దుకున్నాను. ఇరవై ఒకటిలో పద్నాలుగు ఒక్క రకంవే. శాతాలు, నిష్పత్తులు, రెండు ద్రావణాలు కలిపితే ఎంత గాఢత అనేవి. తప్పుల పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకున్నాను. నేను అజాగ్రత్త అని రాసినవాటిలో సగానికి పైగా అవే. మందులు కలపడానికి కావాల్సినవే. ఎనిమిదో క్లాసు పుస్తకం అటకమీదనుంచి దింపాను.

మార్చి 23

నాలుగోరోజుకి ద్రావణాలు పట్టుబడ్డాయి. ఇంత చిన్నదాన్ని ఏడాదిన్నరగా దాటేసుకుంటూ తిరిగానా. ఇక మిగిలింది ఆ పదిహేను నిమిషాలు. వచ్చే శనివారం పట్టీ ఇంట్లో మర్చిపోతాను.

మార్చి 30, శనివారం

మర్చిపోయాను. ఇంట్లో బల్లమీద, అందరికీ కనిపించేలా. అదే నా తెలివితక్కువ.

పరీక్ష మొదలై గంట కూడా కాలేదు. చెయ్యి నాది కానట్టు పరుగెత్తుతోంది. లెక్కలు మొదలుపెట్టేసరికి ఎప్పటికన్నా పది నిమిషాలు ముందున్నాను. తలుపు తెరుచుకుంది. ఇన్విజిలేటర్ నా దగ్గరికొచ్చి బల్లమీద రాగి పట్టీ పెట్టాడు. "మీ నాన్నగారు తెచ్చారు. ఇవ్వకపోతే వెళ్ళనన్నారు" అన్నాడు మెల్లగా.

తలుపు సందులోంచి నాన్న కనిపించాడు. ఉపవాసంతో, కొట్టు మూసేసి, సెంటర్‌దాకా ఎత్తుగా ఉన్న వీధంతా పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నాకేసి చెయ్యి ఊపి, కంగారుపడకు అన్నట్టు తల ఆడించాడు.

ఆ తర్వాత నేను ఏం రాశానో నాకు తెలియదు. పట్టీని ముట్టుకోలేకపోయాను, తోసేయలేకపోయాను. స్కోరు చూసుకోలేదు.

బయటికొస్తే మెట్లమీద కూర్చుని ఉన్నాడు. వెళ్ళలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"టైమ్‌కి అందిందా తల్లీ? ఎన్ని గడులయ్యాక అందింది?"

పిల్లలందరూ వెళ్ళేదాకా ఆగాను. అప్పుడు చెప్పాను. "నాన్నా, పోయినేడు గడి జరగలేదు."

"అంటే?"

"నాకు రాలేదు. ఆ ప్రశ్నలు నాకు రాలేదు. షీటు నా దగ్గరే ఉంది. జరిపి జరిపి చూశాను. జరగలేదు."

నా చేతిలోంచి పట్టీ తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎంతమందికి చెప్పాను సెవిలాయ్" అన్నాడు, తల్లీ అనకుండా పేరు పెట్టి. నన్ను అడగలేదు, తనలో తను అనుకున్నాడు. "ముహిత్తిన్‌కి చెప్పాను. ఇమామ్‌గారికి చెప్పాను. లెబ్లెబి కొన్న ప్రతివాడికీ చెప్పాను. వాళ్ళు నవ్వుకుని ఉంటారు. నేను శనగలు తిప్పుకునేవాణ్ణి, నాకేం తెలుసు, నమ్మాను."

"నువ్వు ఇంకో ఏడాది ఇవ్వవని…"

"నేను నీకు ఇవ్వలేదన్నమాట. ఆ గడికి ఇచ్చాను."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇఫ్తార్‌కి వచ్చి నా ఎదురుగానే కూర్చున్నాడు, రొట్టె తుంచి నావైపు కూడా పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఏమైందని అడిగితే ఇద్దరం ఏమీ లేదన్నాం.

ఏప్రిల్ 1

కోచింగ్ మానెయ్యమంటాడని పొద్దున్నుంచి ఎదురుచూశాను. ఆరింటికి ఎప్పట్లాగే తలుపు తట్టాడు. "లేచావా" అని మాత్రం అడగలేదు. ఉత్తినే తట్టి వెళ్ళిపోయాడు. కోచింగ్‌కి వెళ్ళాను.

ఏప్రిల్ 4

మేడమ్‌కి కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా క్లాసులో ఏటా నలుగురైదుగురికి గడి జరుగుతుంది. ముప్పై ఏళ్ళలో షీటు తెచ్చి చూపించినవాళ్ళు లేరు. నువ్వు తెచ్చావు, కూర్చో." మూడు గంటలు కూర్చోబెట్టారు.

ఏప్రిల్ 10, రంజాన్ పండుగ

నానమ్మ ఇంట్లో అందరం. బాబాయి టీ చప్పరిస్తూ మొదలుపెట్టాడు. "ఏమన్నయ్యా, ఈసారి మీ అమ్మాయి గడులు బిగించిపెట్టారా?"

నాన్న చక్కెర కలుపుకుంటూనే, "నాకు తెలియదు. దాన్నే అడుగు" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. అందరూ నావైపు చూశారు. చెప్పేశాను. గడి జరగలేదు, నాకు రాలేదు, అబద్ధం చెప్పాను. బాబాయి ముఖం వెలిగిపోయింది. నానమ్మ మాత్రం జపం చేసుకునే తస్బీ పూసలు పక్కన పెట్టి, "అయితే ఏడాదినుంచి ఆ కాగితాలు దిద్దే మెషీన్‌కి నేను పెట్టిన శాపాలన్నీ ఎవరికి తగిలినట్టు?" అంది. ఎవరూ నవ్వలేదు, కానీ బాబాయి నోరు మూసుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే నాన్న నాకు రెండడుగులు ముందే నడిచాడు. వాతావరణం గురించి అమ్మతో మాట్లాడాడు.

ఏప్రిల్ 20, శనివారం

ఎనభై తొమ్మిది. తొంభై మూడు ఒప్పు, పదహారు తప్పు, పదకొండు ఖాళీ. దిద్దడానికి నాలుగు నిమిషాలు.

పదహారులో తెలియనివి పది, సరిగ్గా చదవనివి నాలుగు, టైమ్ చాలనివి రెండు. ఒప్పుల్లో గుడ్డిగా తగిలినవి ఐదు. వాటిని కూడా కత్తిరించి అతికించాను.

ఇంట్లో చెప్పడానికి నోటిదాకా వచ్చింది. నాన్న నాతో మాట్లాడతాడు. ఉప్పు ఇవ్వు అంటాడు, గొడుగు తీసుకెళ్ళు అంటాడు. పరీక్ష మాట మాత్రం ఎత్తడు. కొట్లో కూడా ఎవరికీ ఏ కథా చెప్పడం లేదట, అమ్మ అంది.

మే 11, శనివారం

తొంభై రెండున్నర.

మే 13

"లేనిది" అని అడిగితే "ఉన్నది" అని చదువుతున్నాను. నెలలో ఆరుసార్లు. ఇక ప్రశ్నలో చివరి మాట కింద గీత పెట్టి గానీ ముందుకు పోను.

జూన్ 1, శనివారం

ఆఖరి మాక్ టెస్టు. తొంభై నాలుగు. ఒక్క మార్కు తక్కువ. జనవరి అయితే తప్పుల్నీ కలుపుకుని దీన్ని నూట తొమ్మిది చేసేసి నిద్రపోయేదాన్ని. ఇప్పుడు తొంభై నాలుగంటే తొంభై నాలుగే. మేడమ్ కొత్త పేపరేదీ ముట్టుకోవద్దన్నారు. ఈ వారమంతా తప్పుల పుస్తకం మొదటి పేజీనుంచి.

జూన్ 7

అన్నం సయించడం లేదు. పోయినేడు ఇదే రోజు నేను నిశ్చింతగా నిద్రపోయాను. నాకు ఏది రాదో అప్పుడు తెలియదు కాబట్టి. ఇప్పుడు ఒక్కొక్కటీ పేరుపేరునా తెలుసు.

జూన్ 8, శనివారం

అయింది. చివరి ప్రశ్నదాకా వెళ్ళాను. ఆరు నిమిషాలు మిగిలాయి.

నాన్న గేటు దగ్గర ఉన్నాడు. చుట్టూ తల్లిదండ్రులందరూ ఎలా రాశావు, ఎన్ని పెట్టావు అని అడుగుతున్నారు. నాన్న ఏమీ అడగలేదు. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. అడుగుతాడని బస్సు దిగేదాకా చూశాను.

జూలై 18, గురువారం

నూట ఒకటి ఒప్పు. పన్నెండు తప్పు. ఏడు ఖాళీ. తొంభై ఎనిమిది.

మేడమ్ ఫోన్లో, "ఫార్మసీ వచ్చినట్టే, పో" అని పెట్టేశారు. అమ్మ మెట్లమీదే కూర్చుని ఏడ్చింది. నేను కొట్టుకి పరుగెత్తాను.

ఇద్దరు కొనేవాళ్ళున్నారు. వాళ్ళ ముందే చెప్పాను. వాళ్ళు మాషాల్లా అన్నారు, నాన్న భుజం తట్టారు. నాన్న వాళ్ళ పొట్లాలు కట్టి ఇచ్చి పంపించి, షట్టర్ సగానికి దించాడు. మిట్టమధ్యాహ్నం, బేరాల వేళ. చేతులు తుడుచుకుని శనగల బస్తామీద కూర్చుని, నాకోసం స్టూలు లాగాడు.

"ఆ కాగితం ఈసారి దింపుకున్నావా?"

"దింపుకున్నాను."

"ప్రశ్నలు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి నాన్నా."

"తప్పులు చదువు."

"అయిపోయింది కదా నాన్నా. వచ్చింది. తొంభై ఎనిమిది."

"వచ్చిన మాట విన్నాను. తప్పులు చదవమంటున్నాను."

మొదటిది చదివాను. వ్యాకరణం. నాన్నకి ఒక్క ముక్క కూడా అర్థమై ఉండదు, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇది ఏమిటి? తెలియలేదా, చదవలేదా?"

మార్చినుంచి పరీక్ష గురించి నన్ను ఒక్క మాట అడగని మనిషికి ఆ మూడు కారణాలు ఎవరు చెప్పారో తెలియదు. మేడమ్ లెబ్లెబికి వస్తూనే ఉన్నారేమో.

"తెలియలేదు" అన్నాను.

"రెండోది?"

"చదవలేదు. తొందరపడ్డాను."

అలా పన్నెండూ చదివాను. ప్రతిదానికీ అడిగాడు, ప్రతిదానికీ చెప్పాను. ఎనిమిదోది శాతాలది. అది వింటూ పెదాలు కదిపి, బస్తామీద వేలితో ఏదో గీసి, "ఇరవై నాలుగు" అన్నాడు. కీలో ఇరవై నాలుగే ఉంది. నాకు ఇప్పటికీ రాలేదు. ఎలా చేశావంటే, పచ్చి శనగలు వేగితే ఎంత తరుగు పోతుందో రోజూ చూసుకునేదే కదా అన్నాడు, మళ్ళీ మొదటినుంచి నెమ్మదిగా చెప్పాడు.

పన్నెండు అయ్యాక ఫోను కింద పెట్టబోయాను.

"ఏడు ఖాళీలున్నాయన్నావు" అన్నాడు. "అవి కూడా చదువు."